మలావీ పల్లెల్లో కంది: విత్తనం సంచి నుంచి కాటా దాకా

ఆఫ్రికాలోని మలావీ దేశంలో చిన్న రైతు కుటుంబానికి సాయం అనగానే ఎవరికైనా ముందు తట్టేది ఒక ఎరువు బస్తా, ఒక సంచి మొక్కజొన్న విత్తనం. అక్కడి ప్రభుత్వం కూడా ఆ దారినే నడిచింది. 2005-06లో సబ్సిడీ కూపన్లు మొదలుపెట్టింది, 2020లో వాటి స్థానంలో మరో పథకం తెచ్చింది. ఎరువు మాత్రం బయటి దేశాల నుంచే రావాలి. 2023 నవంబరులో అక్కడి డబ్బు క్వాచా విలువ తగ్గించి, డాలరు ధరను క్వాచాల్లో 44 శాతం పెంచాక సొంత డబ్బుతో బస్తా కొనడం పల్లెవాళ్లకు మరీ భారమైంది.

ఒక్కో ఇంటికి ఉండే భూమి చాలాచోట్ల హెక్టారులోపే. దున్నే ఎడ్లు లేవు, ఉన్నదల్లా చేతి పార. వాన నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అదీ ఒక్క కారే. అలాంటి ఇంటి చేత ఒక అరెకరంలో కంది, వేరుశనగ ఒకే బోదె మీద వేయించి, మరుసటి ఏడు అదే చేలో మొక్కజొన్న వేయించడం మేం చేసే పని. ఆ ఏడాది పొడుగునా ఏ నెలలో ఏం చేయాలో, ఎక్కడ చెడుతుందో చెబుతాను. ఒక మాట ముందే అనాలి: ఇందులో విత్తనం పంచడమంత తేలిక పని ఇంకొకటి లేదు. మొక్కజొన్న కోత అయిపోయి, ఇక చేలో పనేముందిలే అని ఊరంతా అనుకునే మే నుంచి సెప్టెంబరు దాకా నడిచేదే అసలు పని. చాలా ప్రాజెక్టుల జీపులు సరిగ్గా అప్పుడే ఊళ్లోకి రావడం మానేస్తాయి.

కంది మలావీకి కొత్త కాదు. చిచేవా భాషలో నందోలో అంటారు. దక్షిణాన తియోలో, ములాంజే, చిరాడ్జులు, ఫలోంబే, జోంబా జిల్లాల్లో మొక్కజొన్నలో అంతర పంటగా కంది లేని చేను తక్కువ. మధ్య ప్రాంతంలో, అంటే డెడ్జా, న్చేయు, కసుంగు వైపు, వేరుశనగ ఎక్కువ, కంది తక్కువ. ఉత్తరాన ఎక్వెండెనిలోని ఆసుపత్రివాళ్లు తమ దగ్గరికి వస్తున్న బక్కచిక్కిన పిల్లల్ని చూసి, మందు కన్నా చేను మారాలని 2000లో రైతులతో కలిసి ఇలాంటి పప్పుధాన్యాల జోడీలు వేయించడం మొదలుపెట్టారు. విత్తనాల్లో తెలుగు నేల వాటా ఉంది. అక్కడ నడుస్తున్న మంచి కంది రకాలు పటాన్‌చెరు కేంద్రంగా ఉన్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థ తూర్పు ఆఫ్రికా విభాగం నుంచి వచ్చినవే. ఐసీఈఏపీ 00040 దీర్ఘకాలిక రకం, ఎండు తెగులును తట్టుకుంటుంది. ఐసీఈఏపీ 00557 మధ్యకాలిక రకం. ఎర్ర గింజ వేరుశనగ సీజీ-7 కూడా ఇక్రిశాట్ పెంపకమే.

రెండు పప్పుజాతి పైర్లను ఒకే బోదె మీద ఎందుకంటే, రెండింటి నడక వేరు. కంది మొదటి రెండు మూడు నెలలూ కదలదు, కలుపులో ఎక్కడుందో వెతుక్కోవాలి. ఈలోగా వేరుశనగ నేలంతా కమ్ముతుంది, ఏప్రిల్‌కల్లా పీకేస్తాం. అప్పుడు కందికి బోదె మొత్తం సొంతమవుతుంది. లోతుకు వేరు దించి, నేలలో మిగిలిన తడితో ఎండాకాలమంతా పచ్చగా నిలుస్తుంది. వేరుశనగకు తీసే కలుపే కందికీ సరిపోతుంది, విడిగా కూలి అక్కర్లేదు. ఇంకో లాభం ఉంది. ఎర్ర నేలల్లో ఇనుముతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కంది వేరు ఒక ఆమ్లం వదిలి కరిగించుకుంటుందని పటాన్‌చెరు పరిశోధనలోనే తేలింది.

పని ఆగస్టులో మొదలవుతుంది, విత్తనంతో కాదు, మేకలతో. దక్షిణాన జనం ఎక్కువ, భూమి తక్కువ, పశువులూ తక్కువే. పైగా కంది వాళ్లకు పాత పంట కాబట్టి మేకల్ని కట్టేసుకోవడం అలవాటు. మధ్య, ఉత్తర ప్రాంతాల్లో మొక్కజొన్న కోయగానే పశువుల్ని ఊరి మీదికి వదిలేస్తారు. జూన్‌లో చుట్టూ అంతా ఎండిపోయి ఉంటే మేకకు పచ్చగా కనిపించేది మన కంది చేనొక్కటే. ఒక మంద ఒక పూట పడితే చాలు, కాండం తప్ప ఏమీ మిగలదు. అందుకే గ్రామ పెద్ద కూర్చోబెట్టి కట్టుబాటు చేయించకుండా ఆ ఊళ్లో ఒక్క గింజ కూడా పంచకూడదు. ఒక్క ఊరితో సరిపోదు, చుట్టుపక్కల పెద్దలందరి మీదా ఉండే పెద్ద నోట కూడా ఆ మాట రావాలి. మేకలకు మీ ఊరు, మా ఊరు తెలియదు కదా.

కట్టుబాటులో మూడు విషయాలు తేల్చాలి. ఏ నెల దాకా కట్టేయాలి, తప్పితే జరిమానా ఏమిటి, ఆ జరిమానా ఎవరికి చెందుతుంది. మూడోది వదిలేస్తే కట్టుబాటు నిలవదు. జరిమానాగా పెట్టిన కోడి గ్రామ పెద్ద ఇంటికి వెళ్తే చేను పోయినవాడికి దక్కేది ఏమీ లేదు, మరుసటి ఏడు అతను ఫిర్యాదే చేయడు. మన ఊళ్లలో బందెలదొడ్డి నడిచిన కాలం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కంది వేసిన కుటుంబాలన్నీ చేలు ఒకే పక్కకు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి పెట్టుకునేలా ఒప్పించగలిగితే కాపలా సగానికి సగం తగ్గుతుంది. విడివిడిగా చెల్లాచెదురుగా ఉన్న అరెకరాలే ముందు పోతాయి.

ఆ సమావేశానికే ఆడవాళ్లను తప్పనిసరిగా పిలవాలి. మర్యాద కోసం కాదు. మధ్య, దక్షిణ మలావీలో భూమి చాలావరకు ఆడవాళ్ల వంశం వెంట నడుస్తుంది. పెళ్లయ్యాక మగవాడే భార్య ఊరికి వచ్చి ఉంటాడు. మూడేళ్లకు నేల బాగుపడుతుందని అతనికి చెబితే తలూపుతాడు గానీ ఆ నేల తనది కాదని అతనికి తెలుసు. భార్యకూ, ఆమె అన్నదమ్ములకూ చెప్పాలి. కౌలు చేలో ఈ పద్ధతి పెట్టించడం ఇంకా వృథా: కంది ఆకు రాలి నేల బాగుపడ్డ ఏడాదే యజమాని చేను వెనక్కి తీసుకుంటాడు.

విత్తనం లెక్క ఇది. బోదెకూ బోదెకూ 75 సెంటీమీటర్లు. కంది 90 సెంటీమీటర్లకు ఒక పాదు, పాదుకు మూడు గింజలు. వేరుశనగ 15 సెంటీమీటర్లకు ఒక గింజ, 5 సెంటీమీటర్ల లోతు. అరెకరానికి దాదాపు మూడు వేల కంది పాదులు పడతాయి, గింజ కిలోన్నర లోపే సరిపోతుంది. వేరుశనగ పప్పు 16 కిలోలు కావాలి. ఒలిచి ఇవ్వొద్దు, కాయగానే ఇవ్వాలి, సుమారు 23 కిలోలు. ఒలిచిన గింజ మొలక శక్తి తొందరగా పోతుంది. పైగా ఆకలి నెలల్లో ఒలిచిన పప్పు ఇంట్లో ఉంటే అది పిల్లల నోట్లోకి వెళ్తుంది, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కొలతకు టేపు ఎవరి దగ్గరా ఉండదు. 90 సెంటీమీటర్లకు ఒక గుడ్డ పేలిక కట్టిన తాడూ, 15 సెంటీమీటర్లకు కోసిన పుల్లా చాలు.

పంచే ముందు మొలక పరీక్ష మానకూడదు. ప్రతి సంచి నుంచీ వంద గింజలు తడిగుడ్డలో చుట్టి వారం ఉంచాలి. 80కి తగ్గితే ఆ సంచి వెనక్కి పంపించడమే. మొలవని విత్తనం వల్ల రైతుకు పోయేది గింజ ఒక్కటే కాదు, ఒక వానాకాలం. రకం ఎంపికలో ఊరు ఎంత ఎత్తున ఉందో చూడాలి. దీర్ఘకాలిక కందికి పూత రావాలంటే మే, జూన్ చల్లదనం కావాలి. షిరే లోయ, మలావీ సరస్సు ఒడ్డు లాంటి వేడి పల్లపు చోట్ల అదే రకం మనిషెత్తు పెరిగి, ఆకు మీదే ఉండి, పూత ఆలస్యం చేస్తుంది. అప్పటికి నేలలో తడి అయిపోతుంది. అలాంటి చోటికి మధ్యకాలిక రకమే పంపాలి. తియోలో కొండ మీద బాగా కాసిందని షిరే లోయలోని చిక్వావా పల్లానికి అదే సంచి తీసుకెళ్తే కట్టెపుల్లలు తప్ప కాయలు రావు.

మొదటి జల్లు చూసి విత్తొద్దు. పార పెట్టి తవ్వితే జానెడు లోతు దాకా తడి కనిపించాలి. ఆ తడి దొరికాక మాత్రం ఆలస్యం పనికిరాదు, ముఖ్యంగా వేరుశనగకు. ఆలస్యంగా, పలచగా వేసిన చేలో పేనుబంక వాలుతుంది, దాంతో రోజెట్ వైరస్ వస్తుంది. మొక్క గుబురుగా గిడసబారిపోతుంది, ఊడలు దిగవు. సీజీ-7కు ఈ వైరస్‌ను తట్టుకునే గుణం లేదు. తొలి తడికే, ఖాళీలు లేకుండా వేయడమే దానికి మందు. అందుకే మొలవని చోట్ల వారం లోపు మళ్లీ గింజ పెట్టించాలి. వంపున్న చేలో బోదెల మధ్య కాలువల్లో అక్కడక్కడా అడ్డుకట్టలు వేస్తే నీళ్లు నిలిచి నేలలోకి ఇంకుతాయి.

ఇక జనవరి, ఫిబ్రవరి. గాదెలు ఖాళీ. మొక్కజొన్న ఇంకా పచ్చి. ఇంట్లో తిండి లేనివాళ్లు గన్యూకు, అంటే పక్కవాళ్ల చేలో రోజు కూలికి పోతారు. వాళ్ల సొంత చేలో కలుపు మూడు వారాలు ఆలస్యమవుతుంది, దిగుబడి పడిపోతుంది, వచ్చే ఏడూ గాదె ఖాళీ అవుతుంది. సోమరితనమని రాసుకుపోయే సర్వేలు కొన్ని ఉన్నాయి. వాటిని రాసినవాళ్లు ఫిబ్రవరిలో ఊరికి రారు. దీనికి విత్తనం విరుగుడు కాదు. ఊళ్లో పొదుపు సంఘం ఉంటే కొంత నయం. మన డ్వాక్రా లాంటిదే గానీ బ్యాంకు ఉండదు. 15 నుంచి 25 మంది, మూడు తాళాల పెట్టె, తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. నిజెర్ దేశంలో 1991లో ఆడవాళ్లతో మొదలైన పద్ధతి ఇది. మలావీలో వరండా బ్యాంకు అనే అర్థంలో బంకి మ్ఖోండే అంటారు. ఇందులో చూడాల్సింది ఒకటే: ఏడాది చివర సొమ్ము పంచుకునే నెల. డిసెంబరు పండగకు పంచుకుంటే బట్టలకు పోతుంది. అక్టోబరు చివర పెట్టుకుంటే విత్తనానికీ, కొంత తిండిగింజలకూ పనికొస్తుంది. వాళ్లే నిర్ణయించుకోవాలి, కానీ లెక్క వేసి చూపించే బాధ్యత మనది.

ఏప్రిల్‌లో వేరుశనగ. పది మొక్కలు అక్కడక్కడా పీకి కాయ విప్పి లోపలి డొల్ల చూడాలి. పదిలో ఏడు కాయల లోపలివైపు నల్లబడితే పీకొచ్చు. ముందే పీకితే గింజ ముడతలు పడుతుంది, ఆలస్యమైతే ఊడలు తెగి కాయ నేలలోనే మిగులుతుంది. పీకేటప్పుడు పార అంచు కాయకు తగలకుండా పక్కనుంచి లేపాలి. చీలిన కాయలోకే బూజు మొదట చేరుతుంది, ఆ బూజు నుంచే అఫ్లాటాక్సిన్ వస్తుంది. ఇది కాలేయాన్ని చెడగొట్టే విషం, కేన్సర్‌కూ కారణం. ఉడికించినా వేయించినా పూర్తిగా పోదు. యూరోపియన్ యూనియన్ నేరుగా తినే వేరుశనగ పప్పులో దీన్ని మొత్తంగా కిలోకు 4 మైక్రోగ్రాములు మించనివ్వదు. ఆ గీత దాటిన సరుకు ఎక్కడికి పోతుందంటే, ఊళ్లోకే.

ఆరబెట్టడానికి అక్కడ బాగా కుదిరిన పద్ధతిని మండేలా కాక్ అంటారు. ముందు రెండు మూడు రోజులు మొక్కల్ని చేలోనే వాడనివ్వాలి. తర్వాత కట్టెపుల్లలు పరిచి, వాటి మీద మొక్కల్ని గుండ్రంగా పేర్చుకుంటూ రావాలి. కాయలన్నీ లోపలికి, ఆకులు బయటికి. నడుమ గాలి పైకి పోయేలా పొగగొట్టం లాంటి ఖాళీ వదలాలి. ఛాతీ ఎత్తుకు వచ్చాక గడ్డితో టోపీ పెట్టాలి. మూడు నాలుగు వారాలకు కాయ ఊపితే గలగలమంటుంది. ఎక్కువగా చెడేది నడుమ ఖాళీ విషయంలో. పనివాళ్లు తొందరలో దాన్ని పూడ్చేస్తారు, పైనంతా ఎండినట్టు కనిపించి లోపల కుప్ప మగ్గిపోతుంది. చెయ్యి లోపలికి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది, అప్పుడు విప్పి మళ్లీ పేర్చాల్సిందే.

ఆరబెట్టడం అంత బాగా చేసి, ఒలిచేటప్పుడు పాడుచేసుకుంటారు. చేత్తో ఒలిస్తే వేళ్లు పుండ్లు పడతాయి కాబట్టి కాయ మీద నీళ్లు చల్లుతారు, కొందరు నానబెడతారు కూడా. డొల్ల మెత్తబడుతుంది, గింజ తూకమూ పెరుగుతుంది. బూజుకు అంతకన్నా మంచి చోటు దొరకదు. నీళ్లు చల్లొద్దని పోస్టరు అంటించినంత మాత్రాన ఎవరూ మానరు. పది పదిహేను ఇళ్లకు ఒక చేతి ఒలుపు యంత్రం చూపిస్తే మానతారు. యంత్రం జల్లెడ కాయ సైజుకు సరిపోవాలి, బిగుతైతే గింజ పగులుతుంది. పగిలిన గింజ ధరా తక్కువే, బూజు పట్టడమూ తొందరే.

ఏరిన తర్వాత మిగిలే ముడుతలు, నల్లవి, పగుళ్లు ఉంటాయి. మంచివి అమ్మకానికి పోతాయి. మిగిలినవి రోట్లో దంచి పిల్లల జావలో కలుపుతారు. విషం ఎక్కువ ఉండేది ఆ ఏరివేతలోనే. ఈ ఒక్క విషయం తల్లులకు చెప్పే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. చెత్త తినిపిస్తున్నారని అంటే మొహం తిప్పుకుంటారు. అమ్మే రాశి నుంచి ముందే ఒక బకెట్ మంచి గింజ జావ కోసం తీసి పక్కన పెట్టించడం పని చేస్తుంది. తీసేది కాటా ముందు, అమ్మిన తర్వాత కాదు. బూజు గింజను కోళ్లకూ వేయొద్దు, కాల్చేయాలి.

మే నుంచి కంది ఒంటరిగా చేలో నిలబడుతుంది. మేకల కట్టుబాటు పరీక్షకు వచ్చే కాలం ఇదే. మేకలకు తోడు నిప్పు. ఎండిన చేలల్లో పిల్లలు ఎలుకల వేటకు గడ్డికీ, మోళ్లకూ నిప్పు పెడతారు. పుల్లకు గుచ్చిన ఎలుకలు రోడ్డు పక్కన అమ్ముడవుతాయి, పిల్లలకు అదొక ఆదాయం, ఇంటికి అదొక మాంసం. వద్దని తిడితే లాభం లేదు. కంది చేల చుట్టూ రెండు పారల వెడల్పున గడ్డి చెక్కి నేల బయటపెట్టాలి, పిల్లలకు ఏ పక్క వేటాడాలో గ్రామ పెద్ద చేత చెప్పించాలి.

పూతకు శనగపచ్చ పురుగు, పిందెకు రసం పీల్చే నల్లులు, కాయ లోపల కాయ ఈగ. పేర్లు మన రైతుకు బాగా తెలిసినవే. తేడా ఏమిటంటే మలావీ చిన్న రైతు మందు కొట్టడు, పంపు కూడా ఉండదు. కొట్టించే పథకాలు పెట్టకపోవడమే మేలు. ఒకే ఊళ్లో అందరూ ఒకే వారంలో విత్తితే పూత అంతా ఒకేసారి వస్తుంది, పురుగు ఒక చేను మీద పడకుండా పంచుకుపోతుంది. ఎండు తెగులు మాత్రం వేరే లెక్క. పచ్చని చేలో ఒక మొక్క ఉన్నట్టుండి వాడితే కాండం మీద ఊదారంగు చార, చీల్చి చూస్తే లోపల నల్ల గీత కనిపిస్తాయి. శిలీంధ్రం నేలలో, పాత మోళ్లలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ మొక్కను వేరుతో పీకి కాల్చాలి, ఆ చేలో మూడేళ్లు కంది మానాలి. కోత అయ్యాక మోకాలెత్తులో నరికి రెండో ఏడూ కాయించే అలవాటు దక్షిణాన ఉంది. విత్తనం ఖర్చు లేదని ఆశ పుడుతుంది, తెగులూ పురుగూ రెండో ఏటికి అక్కడే కాపురం పెడతాయి.

విత్తనపు మొక్కలను పూత సమయంలోనే ఎంచుకోవాలి. ఆరోగ్యంగా, గుబురుగా ఉన్న వాటికి పేలిక కట్టి, కాయ విడిగా కోయాలి. కంది పూలకు తేనెటీగలు వాలతాయి, పక్క చేలో నాటు కంది ఉంటే రకం కలుస్తుంది. 200 మీటర్ల ఎడం ఉన్న చేను దొరికితే మంచిది, దొరక్కపోతే చేను నడిమధ్య మొక్కలనే తీసుకోవాలి. మూడు నాలుగేళ్లకు ఒకసారి కొత్త విత్తనం తెచ్చుకోక తప్పదు.

ఆగస్టు, సెప్టెంబరులో కోత. కొమ్మలు కోసి, టార్పాలిన్ మీద ఎండబెట్టి, కర్రలతో కొట్టి, గాలికి తూర్పారపట్టడం మనలాగే. పుచ్చు పురుగు చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి వస్తుంది కాబట్టి శుభ్రంగా కనిపించే గింజ కూడా రెండు నెలల్లో చిల్లులు పడుతుంది. దీనికి గాలి చొరబడని సంచి మంచి విరుగుడు. లోపల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు, బయట నేసిన సంచి. కామెరూన్‌లో అలసందల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంవాళ్లు తయారు చేసిన పద్ధతి. లోపలున్న పురుగే ఉన్న గాలి వాడేసుకుని ఊపిరాడక చస్తుంది, మందు అక్కర్లేదు.

వాడే తీరులోనే అంతా ఉంది. ముందు ప్రతి ప్లాస్టిక్ సంచిలో గాలి పట్టి, మూతి మెలిపెట్టి, చెవి దగ్గర పెట్టి నొక్కాలి. సూదిమొన చిల్లున్నా బుస్సుమంటుంది. గింజ ఎండిందో లేదో తెలియడానికి, ఎండబెట్టిన పొడి ఉప్పు రెండు చెంచాలు పొడి గాజు సీసాలో వేసి, మూడో వంతు గింజ పోసి, కుదిపి, పావుగంట ఆగాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే ఇంకా ఎండాలి. తడి గింజను సంచిలో కడితే పురుగు చస్తుంది, గింజ మగ్గుతుంది. ఎండ వేడి మీద ఉన్న గింజను నీడలో చల్లారనిచ్చి నింపాలి. అంగుళం అంగుళం కుదించి గాలి తీసేసి, లోపలి సంచి మెలిపెట్టి, మడిచి, రబ్బరు తాడుతో కట్టాలి. తర్వాత రెండోది, తర్వాత బయటిది, అలాగే. గోడకు ఆనకుండా దుంగల మీద పెట్టాలి. నెల దాకా విప్పకూడదు. వారానికోసారి విప్పి పిడికెడు తీసుకునే ఇంట్లో ఈ సంచి మామూలు గోనెతో సమానం. కూరకు వేరే డబ్బా పెట్టుకోమనాలి. విత్తనానికి అసలు సంచే అక్కర్లేదు. రెండు లీటర్ల నూనె సీసా కడిగి ఎండబెట్టి, మూతి దాకా నింపి బిగిస్తే అరెకరం విత్తనం అందులో పడుతుంది.

అమ్మకం దగ్గర మళ్లీ మన దేశం వస్తుంది. మలావీ కందికి పెద్ద గిరాకీ భారత్ నుంచే. తాండూరు కంది మార్కెట్‌కు వచ్చేది డిసెంబరు తర్వాత. అక్కడి కంది సెప్టెంబరుకల్లా బస్తాల్లో ఉంటుంది. మొజాంబిక్‌లోని నకాలా, బెయిరా రేవుల మీదుగా ముంబై వైపు వచ్చేటప్పటికి మన దగ్గర కొత్త పంట ఇంకా చేలోనే ఉంటుంది. బలమంతా ఆ రెండు మూడు నెలల ఎడంలోనే ఉంది. ప్రమాదమూ అక్కడే. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం కంది దిగుమతిని ఏడాదికి రెండు లక్షల టన్నులకు కట్టేసింది. ఒప్పందం ముందే ఉన్న మొజాంబిక్‌కు కొంత ఆసరా ఉంది. మలావీ రైతు మాత్రం కోత మధ్యలో ఇరుక్కున్నాడు. 2021లో మలావీతోనూ ఏడాదికి 50 వేల టన్నుల ఒప్పందం కుదిరింది. ఢిల్లీలో సంతకం పడిన కాగితం ఫలోంబేలో ఒక ఇంటి బడి ఫీజును తేల్చేస్తుంది. అందుకే అరెకరం కన్నా ఎక్కువ కందికి ఇవ్వమని ఏ ఇంటికీ సలహా చెప్పకూడదు. పండినదాంట్లో కనీసం మూడో వంతు తినడానికి ఉంచాలని ముందే మాట్లాడుకోవాలి.

తినడమన్నా చిక్కే. వాళ్లు కందిని పప్పు చేయరు, పొట్టుతోనే గుగ్గిళ్లలా ఉడికిస్తారు. గంటల తరబడి కట్టెలు కావాలి. నానబెట్టి ఎండలో పెట్టి విసుర్రాయితో బద్ద చేసి చూపిస్తే ఉడికే కాలం బాగా తగ్గుతుంది. బద్దను కూరగా ఇష్టపడని ఇళ్లున్నాయి, ఎన్‌సిమా అనే మొక్కజొన్న పిండి ముద్దలోకి నిండు గింజే కావాలంటారు. వాళ్ల ఇష్టం. రాత్రంతా నానబెట్టడం ఒక్కటి అలవాటైనా కట్టెలు మిగులుతాయి.

కాటా సంగతి. సైకిలు మీద వచ్చే దళారి తెచ్చే వేలాడే కాటాను నమ్మకూడదు, అలాగని కొట్లాటా పెట్టుకోకూడదు. గీత దాకా నింపిన 20 లీటర్ల నీళ్ల డబ్బాను ముందు అతని కాటాకే తగిలించాలి. నీళ్లు 20 కిలోలు, డబ్బా సుమారు ఒక కిలో. 18 చూపిస్తే ఎంత పోతోందో అందరికీ కనిపిస్తుంది, వాదన అక్కర్లేదు. ఇళ్లన్నీ సంఘంగా కలిసి లారీ నిండే సరుకు కూడబెడితే లింబేలోని పప్పు మిల్లుల నుంచే మనిషి వస్తాడు, ధర మీద మాట్లాడొచ్చు. అక్కడ ధర తగ్గించేవి మూడు: తడి, మట్టి, పుచ్చు. సంఘంలో ఒక్క ఇంటి తడి సంచి రాశిలో కలిస్తే లారీ మొత్తానికి కోత పడుతుంది. కాబట్టి ప్రతి సంచీ కలపక ముందే, దాని యజమాని ఎదుటే ఉప్పు సీసా పరీక్ష చేయాలి.

విత్తనంగా తీసుకున్న కిలోన్నర కందికి కోత అయ్యాక మూడు కిలోలు తిరిగి ఇవ్వాలి. సగం కొత్త ఇంటికి, సగం సంఘం నిల్వకు. పేలిక కట్టిన మొక్కల గింజే తీసుకోవాలి, రాశిలోంచి తీసి పోస్తే వద్దనాలి. కరువు ఏడు వస్తే బాకీని వచ్చే ఏటికి వాయిదా వేసే అధికారం సంఘానికే ఉండాలి. 2024 మార్చిలో 28 జిల్లాల్లో 23ను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించిన లాంటి ఏడాదిలో పట్టుబట్టి వసూలు చేస్తే సంఘమే పోతుంది.

అక్టోబరులో మోళ్లు పీకి వంటచెరుకుకు ఇవ్వాలి, రాలిన ఆకును మాత్రం కదపకూడదు. పాత బోదెను రెండుగా చీల్చి, ఆకునూ వేరుశనగ తీగనూ కాలువలోకి లాగి, పైన మట్టి కప్పితే అదే కొత్త బోదె. దాని మీద 25 సెంటీమీటర్లకు ఒక మొక్కజొన్న గింజ. ఎరువు కొనగలిగినంతే కొని, కూల్‌డ్రింక్ సీసా మూతతో మూడు మొక్కలకు ఒక మూత చొప్పున, మొదటి కలుపు అయ్యాక, తడి ఉన్న రోజున మొదళ్ల దగ్గర పెట్టి మట్టి కప్పాలి. మూతకు నాలుగైదు గ్రాములు పడుతుంది. అరెకరానికి 16 కిలోలు చాలు, 50 కిలోల బస్తా మూడు ఇళ్లకు వస్తుంది.